రిపోర్టు నార్మల్ వచ్చింది కదా అన్న కూతురికి

చిట్టితల్లీ,

నువ్వు పంపిన రిపోర్టు చూశాను. సీలియాక్ జబ్బుకి చూసే రక్తపరీక్ష, టీటీజీ, నార్మల్‌లోకి దిగింది, హిమోగ్లోబిన్ కూడా పన్నెండు దాటింది. నాన్న దాన్ని ప్రింటు తీయించి నీ ఫైల్లో పెట్టారు. ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు ఆ టీటీజీ అంకె మళ్ళీ ఎంత పెరిగిందో తెలిసినవాళ్ళం కాబట్టి ఇంట్లో అందరికీ గుండె మీంచి బరువు దిగింది.

నిన్న ఫోన్లో నువ్వడిగిన మాటకి మాత్రం అప్పటికప్పుడు జవాబు చెప్పలేక, ఉత్తరం రాస్తానన్నాను. "నార్మల్ వచ్చేసింది కదమ్మా, ఇక అప్పుడప్పుడూ ఓ చిన్న ముక్క తింటే ఏమవుతుంది? ఆఫీసులో కేక్ కోసిన ప్రతిసారీ వద్దు వద్దంటే బాగుండట్లేదు" అన్నావు. నీ బాధ నాకు అర్థమైంది. కానీ వద్దమ్మా. చిన్న ముక్క కూడా వద్దు. ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదువు.

నువ్వు గోధుమ తినడం మానేశావు కాబట్టే ఆ అంకె దిగింది. సీలియాక్ తగ్గిపోయి కాదు. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యం, ఈ మూడింట్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి వెళ్ళిందంటే నీ ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ నీ చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. పేగు లోపలి గోడకి టర్కీ టవల్ మీద నూగులా సన్నటి పోగులుంటాయి, తిన్నదాంట్లోని సారమంతా లాక్కునేది అవే. ఆ దాడిలో అవి అరిగిపోయి గోడ చదునైపోతుంది. అప్పుడు ఎంత తిన్నా ఐరన్, కాల్షియం ఒంటికి పట్టవు. నీకు ఏడో తరగతిలో జరిగింది అదే. విరేచనాలు లేవు, కడుపునొప్పి లేదు. రక్తం లేదు, ఎత్తు పెరగలేదు, నోట్లో ఎప్పుడూ పుళ్ళే. ఐరన్ మాత్రలు, నులిపురుగుల మందు మార్చి మార్చి ఇచ్చారే గానీ పేగు మాట ఎవరికీ తట్టలేదు. హైదరాబాదులో ఎండోస్కోపీ చేసి పేగులోంచి చిన్న ముక్క తీసి చూశాకే తెలిసింది.

అందుకే, "ఆ రోజు కేక్ తిన్నాను, నాకేం కాలేదు" అని నువ్వన్నప్పుడు నాకు భయమేసింది. నీకు పైకి తెలియకపోవడం కొత్తేం కాదు. లోపల ఏం జరుగుతుందో చెప్పడానికి ఒక పరీక్ష చేశారు. ఇటలీలో సీలియాక్ ఉన్నవాళ్ళకి రోజుకి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ చొప్పున మూడు నెలలు ఇచ్చి చూస్తే పేగులోని పోగులు దెబ్బతినడం కనిపించింది. ఆ ఫలితాలు 2007లో వచ్చాయి. ఒక్క బ్రెడ్ ముక్కలో దాదాపు 2 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. అంటే 50 మిల్లీగ్రాములంటే ఆ ముక్కలో నలభయ్యో వంతు, చేతికి అంటుకునే పొడంత. "చిటికెడేగా" అనేవాళ్ళకి నువ్వు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. నీకు తెలిసి ఉంటే చాలు.

ఈ జబ్బుకీ గోధుమకీ ఉన్న సంబంధం బయటపడిన కథ నీకు చెప్పానో లేదో. నెదర్లాండ్స్‌లో విలెమ్ డికే అని పిల్లల డాక్టరు ఉండేవాడు. అప్పట్లో ఈ పిల్లలకి అరటిపళ్ళు తినిపించడమే వైద్యం, కారణం మాత్రం ఎవరికీ తెలియదు. గోధుమ మీద ఆయనకి ముందునుంచే అనుమానం. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో, ఆ దేశంలో ఘోరమైన కరువు వచ్చి బ్రెడ్డే దొరకలేదు. జనం ఆకలితో చచ్చిపోతున్న రోజుల్లో ఈ పిల్లలు మాత్రం తేరుకున్నారు. యుద్ధం అయిపోయి బ్రెడ్ మళ్ళీ చేతికి రాగానే మళ్ళీ మంచాన పడ్డారు. ఆయన దాని మీదే పనిచేసి 1950లో తన పరిశోధన గ్రంథం సమర్పించాడు. అది చదివినప్పుడల్లా నాకు ఆ తల్లులే గుర్తొస్తారు. కరువు పోయిందన్న సంతోషంతో, ఎన్నాళ్ళకో దొరికిన రొట్టె ముక్కని ముందుగా బిడ్డ నోట్లోనే పెట్టి ఉంటారు కదా. వాళ్ళకి తెలియదు. మనకి తెలుసు.

ఢిల్లీలో ఉద్యోగం అనగానే "చపాతీల దేశానికి పంపుతున్నావా" అని అందరూ నన్ను కంగారుపెట్టారు. నాకైతే కొంత ధైర్యంగానే ఉంది. ఢిల్లీ చుట్టుపక్కల సర్వే చేస్తే 96 మందిలో ఒకరికి సీలియాక్ ఉందని తేలింది. మన దక్షిణాదిలో చూస్తే వెయ్యికి ఒకరు. జన్యువుల్లో పెద్ద తేడా ఏం లేదు, మనం గోధుమ తినేదే తక్కువ. దానివల్ల ఇక్కడ చాలామంది ఈ పేరే వినలేదు. అక్కడ "గేహూ సే ఎలర్జీ", అంటే గోధుమ పడదు అని చెబితే క్యాంటీన్ కుర్రాడికి కూడా అర్థమవుతుంది. ఇది ఎలర్జీ కాదని నీకూ నాకూ తెలుసు. అయినా వాళ్ళకి అర్థమయ్యే మాటే చెప్పు. ఒకటి గుర్తుపెట్టుకో, గేహూ అని చెప్పి ఊరుకోకు. ఆటా, మైదా, సూజీ (మన బొంబాయి రవ్వ), దలియా (గోధుమ నూక) అని విడివిడిగా చెప్పు. సూజీ గోధుమే అని తెలియనివాళ్ళు ఇక్కడా ఉన్నారు, అక్కడా ఉంటారు. మన పక్కింటి పిన్నిగారు ఇప్పటికీ "గోధుమ వద్దంటే ఉప్మా చేశాను" అంటూ బొంబాయి రవ్వ ఉప్మా తెస్తారు, పాపం ఎంతో ప్రేమగా.

నన్ను ఎక్కువ భయపెట్టేది రొట్టె కాదు, ఇంగువ. రొట్టె కంటికి కనిపిస్తుంది. ఇంగువ కనిపించదు. బజార్లో దొరికే ఇంగువలో అసలు ఇంగువ కొంచెమే, మిగతాది జిగురూ పిండీ. చాలా డబ్బాల్లో ఆ పిండి గోధుమపిండో మైదానో అయి ఉంటుంది. హాస్టల్లో నువ్వు చపాతీ ముట్టుకోకుండా అన్నం, సాంబారు, పులిహోర తింటూ కూడా అంకె పెరిగిందంటే ఇలాంటి చోటే ఎక్కడో దొర్లిందని డాక్టరుగారు అన్నారు. కాబట్టి పీజీలో వంటమనిషితో మొదట మాట్లాడాల్సింది హింగ్ డబ్బా గురించి. నీకు తీసే పప్పు పోపుకి ముందే తీసిపెట్టమను. శనగపిండి, బియ్యప్పిండి విడిగా కొనకు. గోధుమ ఆడిన పిండిమరలోనే అవీ ఆడతారు, ముందువాళ్ళ పిండి మర గొట్టంలో ఉండనే ఉంటుంది. నాయనమ్మ మొన్న సంక్రాంతికి అరిసెల పిండి మరకి పంపనివ్వకుండా, నడుంనొప్పితోనే దగ్గరుండి రోట్లో దంపించింది అందుకే.

బయట తినాల్సి వస్తే దోశ అని ధీమా పడకు. చపాతీ కాల్చిన పెనం మీదే దోశ పోస్తారు, రవ్వ దోశలో రవ్వతో పాటు మైదా కూడా ఉంటుంది. పూరీ వేయించిన నూనెలో వేసిన వడ కూడా నీకు పనికిరాదు. ఫ్రైడ్ రైస్‌లో అన్నం బాగానే ఉంటుంది గానీ సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. హార్లిక్స్ లాంటి వాటిల్లో బార్లీ మాల్ట్ ఉంటుంది. బీరు కూడా బార్లీదే. తాగుతున్నావా అని అడగట్లేదు, తెలిసి ఉండాలని చెబుతున్నాను. రాజ్మా చావల్, పోహా, పెరుగన్నం, ఉడికించిన గుడ్లు, పళ్ళు, ఇవి ఎక్కడైనా దొరుకుతాయి, అయినా ఒకమాట అడిగి తిను. గ్లూటెన్ ఫ్రీ అని రాసిన ప్యాకెట్టులో కిలోకి 20 మిల్లీగ్రాముల లోపే ఉండాలని మన దేశంలో రూలు ఉంది. ఆ మాట లేని ప్యాకెట్టయితే వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవాలి. ఆ గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్ల ఖరీదు చూసి దిగులు పడకు, అవి లేకపోతే గడవదనేం లేదు. అన్నం తిని పెరిగినదానివి. జొన్న, రాగి, సజ్జ, పెసరట్టు, సున్నుండలు, అరిసెలు అన్నీ నీవే. ఆత్రేయపురం పూతరేకులైతే బియ్యప్పిండి రేకు, నెయ్యి, బెల్లం తప్ప మరేం ఉండదు. ఆఫీసులో ఈసారి నీ పుట్టినరోజుకి అవే పంచు, పంపిస్తాను.

ప్రసాదం గురించి కూడా అడిగావు. స్నేహితులు బంగ్లా సాహిబ్ గురుద్వారాకి తీసుకెళ్తే కడా ప్రసాద్ వద్దనడానికి నీకు నోరు రాలేదని. అది గోధుమపిండి హల్వానే. రెండు చేతులా తీసుకుని, కళ్ళకద్దుకుని, పక్కనున్న స్నేహితురాలికి ఇచ్చెయ్యి. తర్వాత చేతులు కడుక్కో. అందులో అపచారం ఏమీ లేదు.

మనింట్లో దీని మీద ఎంత తర్జనభర్జన అయిందో నీకు అంతగా తెలియదు. నీకు జబ్బని తెలిసిన ఏడాది సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. ప్రసాదమంటే గోధుమ రవ్వే కదా, అన్నవరంలో ఇచ్చేదీ అదే. నీకు పెట్టనని నేను గట్టిగా చెప్పేసరికి నాయనమ్మ ముఖం పాలిపోయింది. కథలో కళావతి, మొగుడొచ్చాడన్న తొందరలో ప్రసాదం తీసుకోకుండా పరుగెత్తితే పడవ మాయమైపోయింది కదా. పసిపిల్ల ప్రసాదం కాదంటే ఏం ముంచుకొస్తుందోనని ఆవిడ భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు, అదీ నీమీద ప్రేమే. పంతులుగారు పుస్తకం తీసి, మొదటి అధ్యాయంలోనే ఉందమ్మా, గోధుమపిండి లేకపోతే బియ్యప్పిండితో చేసుకోవచ్చని స్వామే చెప్పాడని చదివి వినిపించారు. నాయనమ్మ అక్కడికక్కడే లేచి వంటింట్లోకి వెళ్ళింది. అప్పట్నుంచి మనింట్లో వ్రతానికి బియ్యపు రవ్వ ప్రసాదమే, నీకొక్కదానికే కాదు, వచ్చినవాళ్ళందరికీ.

దేవుడి దగ్గరే దారి దొరికింది. ఆఫీసు కేక్ దగ్గర దొరకదా? నీ సమస్యల్లా మొహమాటం. అది నా దగ్గర్నుంచే నీకు వచ్చింది, ఎవరింటికెళ్ళినా పెట్టింది కాదనకూడదని నేర్పి పెంచాం. ఈ ఒక్క విషయంలో ఆ పెంపకం పక్కన పెట్టు. "నాకు పడదు, డాక్టరు వద్దన్నారు" అని ఒక్కసారి అందరి ముందూ చెప్పేస్తే రెండోసారి ఎవరూ బలవంతపెట్టరు. సారీ చెబుతూ, నవ్వుతూ, సర్దుకుంటూ చెప్పకు. మామూలుగా చెప్పు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సంబంధాలు చూడ్డం మొదలుపెట్టాక మీ పెద్దత్తయ్య, "ఈ జబ్బు మాట పెళ్ళయ్యాక చెప్పుకోవచ్చులే" అంది. నేనూ నాన్నా ఒప్పుకోలేదు. మొదటి ఫోన్లోనే చెబుతాం. దాచి పెళ్ళి చేస్తే, అత్తారింట్లో తొలిరోజే నీ ముందు బొబ్బట్లు పెడతారు, కొత్తకోడలివి కాదనలేక తింటావు. అలా నిన్ను పంపడం నావల్ల కాదు. సీలియాక్ పట్టించుకోకుండా వదిలేసినవాళ్ళలో రక్తహీనత, గర్భస్రావాలు ఎక్కువే, అది నిజం. తిండి కచ్చితంగా పాటించేవాళ్ళు అందరిలాగే పిల్లల్ని కని పెంచుకుంటున్నారు, అదీ నిజమే. ఎవరైనా అడిగితే ఈ రెండూ చెబుతాను. విని వెనక్కి తగ్గేవాళ్ళయితే తగ్గనీ.

తమ్ముడికి కూడా రక్తపరీక్ష చేయిస్తున్నాం. ఒకే ఇంట్లో తోబుట్టువులకీ, కన్నవాళ్ళకీ పదిమందిలో ఒకరికి వచ్చే అవకాశం ఉందట. నీకు తోడుగా వాడూ చపాతీలు మానేస్తానని గొడవ. పరీక్ష అయ్యేదాకా గోధుమ మానకూడదు, మానితే రిపోర్టు తప్పుగా బాగున్నట్టు వస్తుందని చెప్పి తినిపిస్తున్నాను. నాన్నదీ, నాదీ రక్తం కూడా పరీక్షకి ఇస్తున్నాం.

పార్సిల్‌లో ఇంట్లో ఆడిన బియ్యప్పిండి, శనగపిండి, ఇంగువ వేయని కందిపొడి, కొత్త పోపు గరిటె, మూతున్న చిన్న మూకుడు పెట్టాను. ఆ రెండు గిన్నెలూ ఎవరికీ ఇవ్వకు, పీజీలో కామన్ స్పాంజితో తోమకు. ఎముకల బలం చూసే డెక్సా స్కాన్, విటమిన్ డి పరీక్ష ఈ నెలలోనే చేయించుకోమని డాక్టరుగారు రాశారు కదా, అపాయింట్‌మెంట్ తారీఖు తెలియగానే మెసేజ్ పెట్టు. రాజమండ్రి నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్‌కి నాన్న నాకు టికెట్ చేయిస్తానన్నారు. నీతో పాటు నేనూ ఆస్పత్రికి వస్తాను.

మీ అమ్మ