కోసేసిన నాలుగు బాతుల బొమ్మలు: ఫిర్యాదు

ముమ్మిడివరం,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.
9 డిసెంబరు 2024

గ్రీవెన్స్ అధికారి గారికి,
పాత పుస్తకాలు, చిత్రపటాల విభాగం.

విషయం: ‘సంపూర్ణ ప్రతి’ అని అమ్మిన పుస్తకంలో నాలుగు రంగుబొమ్మలు కోసి తీసెయ్యడం గురించి.

అయ్యా,

పోయిన నెల మీ సైటులో 62,000 రూపాయలు కట్టి స్టూవర్ట్ బేకర్ రాసిన ‘ది ఇండియన్ డక్స్ అండ్ దెయిర్ అలైస్’ కొన్నాను. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1908లో వేసిన పుస్తకం. గ్రోన్‌వోల్డ్, లాడ్జ్, క్యూలెమాన్స్ వేసిన బొమ్మలతో అందులో 30 రంగు ప్లేట్లు, అంటే రంగుబొమ్మల పేజీలు, ఉండాలి. మీ ప్రకటనలోనూ ‘30 ప్లేట్లు, సంపూర్ణం’ అనే ఉంది. నాకు అందిన ప్రతిలో 26 ఉన్నాయి.

ఊడిపోయి ఉంటాయని మీ వాళ్లు ఫోనులో చెప్పారు. ఊడిన కాగితం కుట్టు దగ్గర చిరుగుతుంది, దారం వదులవుతుంది. ఇక్కడ కుట్టు బిగువుగానే ఉంది. నాలుగు చోట్లా కుట్టు పక్కన పావు అంగుళం కాగితపు మొదలు మిగిల్చి, స్కేలు పెట్టి బ్లేడుతో కోశారు. పుస్తకం అంచులన్నీ 116 ఏళ్లకు గోధుమరంగు తిరిగితే, కోసిన అంచు మాత్రం తెల్లగా మెరుస్తోంది. ఇది పాతకాలపు కోత కాదు. పాత పుస్తకాలు పట్టుకున్న చేతులకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

పోయిన నాలుగింటిలో ఒకటి గులాబీ తల బాతు. 1949 తర్వాత ఆ పక్షిని ఖాయంగా చూసినవాళ్లు లేరు. గ్రోన్‌వోల్డ్ బొమ్మ కోసమే నేను ఈ పుస్తకాన్ని ఏళ్ల తరబడి వెతికాను. దానికి ఎదురు పేజీ మీద ఇన్నేళ్ల ఒత్తిడికి రంగు దిగి, ఆ మెడ వంపు లేత నీడలా ఇప్పటికీ ఉంది. ఆ పేజీ పై మూలన పురుగు తొలిచిన చిల్లు ఒకటి ఉంది. కందిగింజంత, ఒక వైపు తోకలా సాగిన చిల్లు.

అదే చిల్లు, అదే మూలన, మీ సైటులోనే ‘గోడకు అలంకారం’ అన్న శీర్షిక కింద ఫ్రేము కట్టి అమ్ముతున్న గులాబీ తల బాతు బొమ్మ మీద కనబడింది. పెద్దది చేసి చూశాను. పుస్తకంలోని చిల్లు ఫొటో తీసి పక్కన పెట్టుకుని చూశాను. రెండూ ఈ ఉత్తరంతో జత చేశాను, మీరే పోల్చి చూడండి. పుస్తకాన్ని నాకు అమ్మి, అందులోంచి కోసిన బొమ్మను మళ్లీ ఇంకొకరికి అమ్మకానికి పెట్టారు.

ఇవి ఒక్కో రంగుకు ఒక్కో అచ్చురాయి మీద గీసి, ఒకదాని మీద ఒకటి అద్దిన బొమ్మలు. గోడ మీద ఎండ తగిలితే కొన్నేళ్లకే రంగు వెలిసిపోతుంది. మూసిన అట్టల మధ్య చీకట్లో ఉండబట్టే ఇన్నాళ్లు బతికాయి. ఏ బొమ్మకు ఆ బొమ్మ విడిగా అమ్మితే ఎక్కువ డబ్బు వస్తుందని పుస్తకాలను ఇలా విప్పేస్తూ పోతే, నాలాంటివాళ్లకు దొరికేవి ఖాళీ అట్టలే.

నేను కాలవ గట్ల మీద ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మా నాన్నగారికి 86. 1972లో వన్యప్రాణి చట్టం రాకముందు ఆయన గోదావరి లంకల్లో పరజ బాతులకు వలలు వేసేవారు. పుస్తకం వచ్చిన రోజు సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి ఒక్కో పేజీ తిప్పాను. ఇంగ్లీషు ముక్క రాని మనిషి, బొమ్మ చూడగానే పేరు చెప్పేస్తున్నారు. ‘ఇది ఎర్ర చిలువ, దాళ్వా చేలల్లో దిగేదిరా, ఈల వేసుకుంటూ పోయేది’ అన్నారు. నేను వేరే నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. కోసిన చోటికి వచ్చేసరికి ఆగి, ఆ మొదలు మీద వేలు పెట్టి, ‘ఇక్కడి పిట్టేదిరా?’ అని అడిగారు. ఆయనకు చెప్పడానికి నా దగ్గర మాట లేకపోయింది.

‘పాత వస్తువులకు వాపసు లేదు’ అని మీరు రాసిన జవాబు చెల్లదు. ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాల్సింది మీరే. లేదంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేస్తాను. పార్సిలు విప్పేటప్పుడు మా మనవడు తీసిన వీడియో నా దగ్గర ఉంది.

నాకు ముందుగా కావలసింది డబ్బు కాదు, ఆ నాలుగు బొమ్మలు. అమ్మకం వెంటనే ఆపి, నాకు పంపించండి. ఇప్పటికే ఏదైనా అమ్ముడుపోయి ఉంటే ఆ సంగతి దాచకుండా రాయండి. అప్పుడు పుస్తకం వాపసు తీసుకుని పూర్తి సొమ్ము, రవాణా ఖర్చు ఇవ్వాలి. ఇకమీదట ఏ బొమ్మల పుస్తకానికైనా ప్లేట్లు లెక్కపెట్టి, ఎన్ని ఉన్నాయో, ఏవి లేవో ప్రకటనలోనే రాయండి.

ఒక్క మనవి. ఫ్రేములోంచి తీసేటప్పుడు లాగకండి. వెనక జిగురు టేపు అంటించి ఉంటే దాన్ని కదపకుండా అలాగే పంపండి. రాజమహేంద్రవరంలో నాకు తెలిసిన బైండరు ఒకాయన ఉన్నారు. పిండి జిగురుతో, పలచటి కాగితంతో మళ్లీ ఆ మొదళ్లకే అతికిస్తానన్నారు. అందాకా పుస్తకం ఆయన దగ్గరికి పంపకుండా ఇంట్లోనే ఉంచాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు
(సంతకం)