విద్యాశాఖ మంత్రి గారికి: మా పిల్లల ఇంగ్లీషు సంగతి కాస్త వినండి

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి, చిత్తూరు జిల్లాలో తమిళనాడు సరిహద్దు పల్లెలో పనిచేస్తున్న ప్రైమరీ స్కూల్ టీచరు నమస్కరించి చేసుకునే విన్నపం.

అయ్యా, మా బడి గోడకు స్మార్ట్ టీవీ ఉంది. అది పాడై నెలలు గడిచాయి. అర్జీ పెట్టుకున్నాం, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో మొరపెట్టుకున్నాం, మళ్లీ అర్జీ పెట్టుకున్నాం. బాగుచేయడానికి ఎవరూ రాలేదు. ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని ఫోనుకు మెసేజ్ మాత్రం వచ్చింది. అది చదివాక ఇక ఎవరికి చెప్పుకోవాలో తెలియక మీకే రాస్తున్నాను.

మా పిల్లలు ఇంట్లో తమిళం మాట్లాడతారు. తెలుగు బడికొచ్చాక నేర్చుకుంటారు. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. ఏడేళ్ల బిడ్డకు ఇంగ్లీషు మూడో భాష అన్నమాట. ఊళ్లో ఆ భాష చెవిన పడే చోటు బడి తప్ప ఇంకోటి లేదు. పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంది కదా అంటారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పాటు బెంగళూరుకు కూలికి పోతుంది. బిడ్డ దేంతో స్కాన్ చేయాలి?

టీవీ పనిచేసిన రోజుల్లోనూ బాధ ఉండేది. వీడియోలో పాఠం గబగబా పరిగెత్తేది. పిల్లలు కళ్లార్పకుండా చూసేవాళ్లు. అయిపోయాక ‘ఇప్పుడు నువ్వు చెప్పమ్మా’ అంటే తల దించుకునేవాళ్లు. చిన్నపిల్లలకు మాట రావాలంటే అదే మాట పదిసార్లు వినాలి, తిరిగి పలకాలి, తప్పు పలికితే ఎవరో ఒకరు మెల్లగా సరిచేయాలి. టీవీ వినిపిస్తుంది గానీ, బిడ్డ ఏం పలికిందో వినదు. ఆ పని టీచరే చేయాలి. ఇద్దరం టీచర్లం ఐదు తరగతులు చూసుకుంటూ ఒక్కో బిడ్డ దగ్గర ఎంతసేపు కూర్చోగలం?

టీవీ ఆగిపోయాక నా ఫోన్లోనే పాఠంలోని వాక్యాలు నిదానంగా చదివి రికార్డు చేశాను. తర్వాత పిల్లల గొంతులూ రికార్డు చేయడం మొదలుపెట్టాను. మూడో తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి, తన గొంతు తనే విని చేత్తో నోరు మూసుకుని నవ్వింది. ‘మళ్లీ పెట్టండి టీచర్’ అంది. విన్నాక, తను మింగేసిన చివరి అక్షరం తనే పట్టుకుని ఇంకోసారి సరిగ్గా పలికింది. నెట్ లేదు, పెద్ద స్క్రీన్ లేదు. ఇంగ్లీషు నేర్పే టెక్నాలజీ అంటే నాకు తెలిసింది ఇదే సార్.

కానీ ఆ ఫోన్లోనే హాజరు వేయాలి, మధ్యాహ్న భోజనం వివరాలు ఎక్కించాలి. సర్వర్ తిరుగుతూ ఉంటే పాఠం ఆగిపోతుంది. రోజూ ఇదే టెన్షన్.

2022 డిసెంబరులో 8వ తరగతికి ట్యాబులిచ్చారు. 2023 జూన్‌లో టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం ఒప్పందం చేసుకుని 3 నుంచి 9వ తరగతి దాకా పిల్లల్ని దానికి తయారు చేయమన్నారు. పిల్లలకు వినడం కాస్త అలవాటయ్యేలోపు ఆ టోఫెల్ పోయింది. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం మారితే మారనివ్వండి, పిల్లాడి మూడో తరగతి మాత్రం మళ్లీ రాదు కదా. ఏ ప్రభుత్వాన్నీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మొదలుపెట్టింది ఒక్కటైనా చివరిదాకా సాగనివ్వమని వేడుకుంటున్నాను.

మా పాఠ్యపుస్తకంలోని కథలనే, పాటలనే నిదానంగా, మన పిల్లలకు అర్థమయ్యే గొంతుతో రికార్డు చేయించి పెన్‌డ్రైవ్‌లో ఇప్పించండి. బడికో స్పీకరు, పిల్లల గొంతు రికార్డు చేసుకునే చిన్న పరికరం ఒకటి ఇప్పించండి. టీవీలు బాగుచేసే మనిషిని మండలానికి ఒకరినైనా పెట్టండి. కొత్త యాప్ మాత్రం వద్దు సార్, దయచేసి వద్దు. జూన్‌లో బడులు తెరిచేలోపు ఆ పెన్‌డ్రైవ్, ఆ స్పీకరు అందినా చాలు, మిగతాది మేం చూసుకుంటాం.

ఇట్లు,
ఒక ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు), చిత్తూరు జిల్లా