పఠన విభాగం వార్షిక నివేదిక – 2025

సభ్యులందరికీ నమస్కారం.

కొత్త పరిశోధనా పత్రాలను తెలుగులో చెప్పుకుని చర్చించుకుందామని నిరుటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఆ ప్రకారం నెలనెలా రెండో ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో కూర్చున్నాం. ఎండల వల్ల మే నెలలోనూ, బోనాల వల్ల జులైలోనూ సమావేశం జరగలేదు.

మొదటిసారి స్లైడ్లన్నీ ఇంగ్లిషులో పెట్టాం. పెద్దవాళ్లు చాలామంది మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. అది మా పొరపాటే. తర్వాతి నెల నుంచి బోర్డు మీద తెలుగులో రాస్తూ చెప్పాం, వెళ్లినవాళ్లు తిరిగొచ్చారు.

అన్నిటికన్నా ఎక్కువసేపు సాగింది ఉపాధి హామీ మీద చర్చ. మనలో చాలామంది ఊళ్లు ఇందులో ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేలిముద్ర తీసుకుని ఉపాధి కూలి, పింఛన్లు ఇచ్చే స్మార్ట్‌కార్డులు వచ్చినప్పుడు, నల్గొండ, ఖమ్మం, అనంతపురం, విజయనగరం సహా 8 జిల్లాల్లో ఏ మండలానికి ముందివ్వాలో లాటరీతో నిర్ణయించారు. 112 మండలాలకు ముందు, 45 మండలాలకు చివర. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ ఈ రెండు రకాల మండలాలనూ పోల్చి చూశారు. కూలి డబ్బు త్వరగా చేతికందిందనీ, పక్కదారి పట్టే సొమ్ము తగ్గిందనీ వాళ్ల 2016 పత్రం చెప్పింది. 2023లో ఎకనోమెట్రికా అనే ఆర్థికశాస్త్ర పత్రికలో వచ్చిన వాళ్ల పత్రం ఇంకో అడుగు ముందుకేసింది. లబ్ధిదారుల కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి హామీ డబ్బు కాదు, బయటి పనుల మీద వచ్చింది! ఉపాధి పని నమ్మకంగా దొరుకుతుంటే కూలికి వెళ్లే మనిషి బయట కూడా గట్టిగా బేరమాడగలడు కదా. "మరి కూలి పెరిగితే సాగు ఎట్లా గిట్టుబాటవుతుంది?" అని ఇప్పటికీ ఊళ్లో వ్యవసాయం చూసుకుంటున్న సభ్యులొకరు అడిగారు. బయటి పనులు తగ్గలేదని పత్రంలో ఉన్నమాట చెప్పాం గానీ, రైతు ఖర్చు సంగతి ఆ రోజు తేలలేదు.

విజ్ఞానశాస్త్రంలో, పిల్లలు పట్టుబట్టడంతో చంద్రయాన్-3 తీసుకున్నాం. విక్రమ్ ల్యాండర్ దిగినచోట నేల పైపొర 82 డిగ్రీల సెల్సియస్, మీటరు దూరంలో సుమారు 59 డిగ్రీలే. ల్యాండర్ దిగినచోట సూర్యుడి వైపు చిన్న వాలు ఉండటమే ఈ తేడాకు కారణం.

వ్యాపార రంగంలో 2024లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన ట్రిప్.కామ్ (ప్రయాణాల బుకింగ్ కంపెనీ) అధ్యయనం చదివాం. చైనాలోని ఆ కంపెనీలో 1,612 మంది ఉద్యోగులపై చేసిన ప్రయోగం ఇది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేయనిస్తే ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు, పనితీరు పడిపోలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులైన సభ్యులు ఈ పత్రం నకళ్లు అడిగి తీసుకెళ్లారు.

జనవరిలో సాగు ఖర్చు, కూలి రేట్ల చర్చను మళ్లీ తీసుకుంటాం. ఫిబ్రవరిలో మహిళల ఉద్యోగాలు, జీతాల మీద క్లాడియా గోల్డిన్ పరిశోధన. ఆమెకు 2023లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ పరిశోధనను మన ఆడపడుచుల్లో ఎవరైనా చదివి చెబితే బాగుంటుంది. ముందుకొచ్చేవారు నెలాఖరులోగా పేరివ్వండి, పత్రం ప్రింటు మేమే ఇస్తాం.

– పఠన విభాగం కన్వీనర్