ఆకుపచ్చ పడ్డ వరస

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి.

బుజ్జమ్మా,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. రెండు రాత్రులు మేలుకుని చేసిన మందుల స్టాక్ రిపోర్టుని మీ సారు అర నిమిషం చూసి, "ఇందులో నేను చూడాల్సింది ఏది?" అని అడిగారని చెప్పి ఏడ్చావు. నువ్వు పంపిన ఫొటోని నేనూ నాన్నా పెద్దది చేసుకుని చూశాం. 12 కాలమ్‌లు, లెక్కపెడితే 8 రంగులు. మందు పేరుకి నీలం, బ్యాచ్ నంబరుకి ఊదా, నిల్వకి పసుపు, ఎక్స్‌పైరీకి ఎరుపు. ఎంత కష్టపడ్డావో తెలిసింది తల్లీ. కానీ ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. నీ రంగులు ఏ కాలమ్ ఏదో చెబుతున్నాయి. ఆ సంగతి పైన హెడింగే చెబుతోంది కదా. ఏ మందు ముందు చూడాలో మాత్రం ఏ రంగూ చెప్పడం లేదు.

ఫోన్‌లో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ఎక్సెల్‌లో కండిషనల్ ఫార్మాటింగ్ అన్న మాట నేను విన్నది అంగన్వాడీ సూపర్‌వైజర్ అయ్యాక, కంప్యూటర్ ట్రైనింగ్‌లో. గడిలో అంకె ఇంతకన్నా తగ్గితే దానంతట అదే రంగు మారుతుందని నేర్పించే అబ్బాయి చూపిస్తుంటే నాకు, పిల్లలు ఎంత బక్కచిక్కారో చూసే మా టేపు గుర్తొచ్చింది. నీకూ గుర్తుండాలి, చిన్నప్పుడు నా సంచిలోంచి లాగి బొమ్మ చేతికి చుట్టేదానివి. ఆరు నెలలు నిండిన దగ్గర నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకి ఎడమ చేతికి, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన, చెయ్యి వదులుగా వేలాడుతుండగా ఆ టేపు చుట్టి చూస్తాం. 11.5 సెంటీమీటర్ల లోపు ఉంటే ఎరుపు, అక్కణ్ణుంచి 12.5 లోపు పసుపు, ఆపైన ఆకుపచ్చ. కొండ మీది ఊళ్లో అక్షరం రాని తల్లికి కూడా ఆ ఎరుపు చూడగానే సంగతి అర్థమవుతుంది. ఆ టేపు చేసినవాళ్లు ఏ గీత కిందికి దిగితే పిల్ల ప్రాణానికి ప్రమాదమో ముందు తేల్చుకున్నారు. రంగు ఆ తర్వాత వేశారు. నువ్వు రంగులు ముందు వేశావు.

కాబట్టి నీ షీట్‌కి గీతలు ఏవో మొదట తేల్చుకో. ఎక్స్‌పైరీకి ఎన్ని రోజుల ముందు మందు వెనక్కి పంపాలో మీ సారునే అడుగు. ఆయన 90 అంటే 90, 60 అంటే 60. ఎక్స్‌పైరీ తేదీలోంచి ఈరోజు తేదీ తీసేస్తే మిగిలిన రోజులు వస్తాయి. రూల్, అంటే రంగు ఎప్పుడు పడాలో చెప్పే షరతు, దాని మీద పెట్టు, రోజు మారితే రంగూ మారుతుంది. ఇన్సులిన్ ఫ్రిజ్‌కైతే గీత ఎవరినీ అడగక్కర్లేదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, అటైనా ఇటైనా దాటితే రంగు పడాలి. మా దగ్గర టీకాల ఫ్రిజ్‌కి కూడా అవే అంకెలు.

ఆ 90నో 60నో రూల్ లోపల రాసేయకు. షీట్ పైన ఒక గడిలో రాసి, రూల్ ఆ గడిని చూసేలా పెట్టు. గీతలు మారుతుంటాయి. మా టేపు సంగతే చూడు, ఎరుపు గీత ఒకప్పుడు 11.0 దగ్గర ఉండేది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి దాన్ని 11.5కి జరిపాయి. అర సెంటీమీటరే. కానీ అంతకుముందు పసుపులో ఉన్న ఎందరో పిల్లలు దాంతో ఎరుపులోకి వచ్చారు. గీత ఒకే గడిలో ఉంటే ఒకచోట మారిస్తే సరిపోతుంది. పది రూల్స్‌లో దాక్కుని ఉంటే తొమ్మిది మార్చి పదోది మర్చిపోతాం. పైగా రిపోర్టు చదివేవాళ్లకి కూడా, ఈ ఎరుపు ఏ లెక్క మీద వచ్చిందో కళ్ల ముందే ఉంటుంది.

కలర్ స్కేల్ అని ఒకటి ఉంది, ఎరుపు నుంచి ఆకుపచ్చ దాకా మెల్లగా మారేది. నువ్వు నిల్వ కాలమ్‌కి వాడింది అదే అనుకుంటాను. చూడ్డానికి బాగుంటుంది. నాకు మాత్రం దాని మీద నమ్మకం లేదు. మనం అంకెలు ఇవ్వకపోతే అది ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్నదానికి ఒక కొస రంగు, పెద్దదానికి ఇంకో కొస రంగు వేస్తుంది. ఒక కేంద్రంలో పిల్లలందరూ బక్కగా ఉన్నారనుకో, 11.9 ఉన్న పిల్ల కూడా ఆ గుంపులో పెద్దదే కాబట్టి ఆకుపచ్చ అయిపోతుంది. ఎవరైనా పొరపాటున 12.5కి బదులు 125 కొట్టారో, ఆ ఒక్క గడే ఆకుపచ్చ అవుతుంది, బాగున్న పిల్లలకి కూడా ఆకుపచ్చ దక్కదు. మూడు బాణాల గుర్తులూ అంతే. మనం మార్చకపోతే ఉన్న అంకెల మధ్య దూరాన్ని 33 శాతం, 67 శాతం దగ్గర కోసి గుర్తులు పెడతాయి. నిరుటి అమ్మకాలు ఎటు పోతున్నాయో చూసుకోవడానికి పనికొస్తాయేమో. మందు అయిపోతోందా, పిల్ల నీరసించిందా అన్నదానికి పనికిరావు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. ఇది నీకెప్పుడూ చెప్పలేదు.

మూడేళ్ల కిందట, మంచి వానాకాలం. నా సెక్టార్‌లో కొండ మీది ఒక సవర ఊరికి కొత్త అంగన్వాడీ దిదీ, అంటే కార్యకర్త, వచ్చింది. ఫోన్‌లోని యాప్ సంగతి వేరు, నా కోసం నేను ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకునేదాన్ని. దిదీలు పంపిన అంకెల్ని అందులో కాపీ చేసేదాన్ని. మొత్తం 600 పైన వరసలు. టేపు లెక్క ప్రకారమే రూల్స్ పెట్టాను, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఆ నెల ప్రింటు తీశాను. ఎరుపు వచ్చిన నాలుగు ఊళ్లకీ వెళ్లాను. పని సరిగ్గా చేశానని తృప్తిగా నిద్రపోయాను.

తొమ్మిది రోజుల తర్వాత వేరే పని మీద ఆ కొండ ఎక్కాను. దిదీ నన్ను చూడగానే, "వస్తారనుకుంటూనే ఉన్నాను, ఆ పిల్ల ఇప్పుడు అన్నం కూడా ముట్టడం లేదు" అంది. ఏ పిల్ల అన్నాను. ఏడాదిన్నర పిల్ల, తల్లి ఒడిలో తల వాల్చేసి ఉంది. టేపు చుడితే 10.9. సంచిలోంచి ప్రింటు తీసి చూశాను. ఆ పిల్ల వరస ఆకుపచ్చగా ఉంది.

తప్పు దిదీది కాదు బుజ్జమ్మా. ఆమె సరిగ్గా కొలిచింది, సరిగ్గా రాసింది. "11.2 సెం.మీ." అని కొలత పేరుతో సహా రాసింది. అంకె పక్కన అక్షరం చేరగానే ఎక్సెల్‌కి అది అంకె కాదు, మాట అయిపోతుంది. ఎక్సెల్ లెక్కలో ఏ మాటైనా ఏ అంకెకన్నా పెద్దదే. 11.5కన్నా తక్కువా? కాదు. 12.5కన్నా ఎక్కువా? అవును. అందుకే ఆకుపచ్చ వేసింది. చెప్పిన పని చెప్పినట్టే చేసింది.

నేను గమనించే వీలు కూడా ఉంది. మామూలుగా అంకె గడిలో కుడివైపుకి జరిగి ఉంటుంది, మాట ఎడమవైపుకి. చూస్తే తెలిసిపోయేది. అందంగా ఉంటుందని కాలమ్ మొత్తాన్ని మధ్యకి సర్దింది నేనే. ఆ సాయంత్రమే జీపు మాట్లాడి తల్లినీ పిల్లనీ పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్పించాం. కొన్నాళ్లు ఉంచుకున్నారు, పిల్ల తేరుకుంది. ఇప్పుడు కేంద్రానికి పరిగెత్తుకుంటూ వస్తుంది. కానీ ఆ తొమ్మిది రోజులు నన్ను వదలవు. ఖాళీగా వదిలేసిన వరసైతే నాకు అనుమానం వచ్చేది. ఆకుపచ్చ నన్ను నిద్రపుచ్చింది.

అప్పటి నుంచి నా షీట్‌లో ఆకుపచ్చ లేదు, తీసేశాను. బాగున్న వరస తెల్లగానే ఉంటుంది. కొలతలకి ఎరుపూ పసుపూ మాత్రమే ఉంటాయి, అవీ కొద్దిగా. పేజీ తెల్లగా ఉంటేనే ఆ నాలుగు వరసలు కంటికి తగులుతాయి. నీ 8 రంగుల్లో 6 తీసేయమని చెప్పడానికి ఇదే నా కారణం.

అన్నిటికన్నా పైన ఒక రూల్ పెట్టాను. గడి నిండి ఉండి, అందులో ఉన్నది అంకె కాకపోతే ముదురు బూడిద రంగు. ఈజ్‌నంబర్ అనే ఫంక్షన్‌తో ఇది చేయొచ్చు. ఖాళీ గడికి ఇంకో రూల్, ఎందుకంటే ఫార్ములాలో ఖాళీని ఎక్సెల్ సున్నా అనుకుంటుంది, కొలవని పిల్లలందరూ ఎరుపు అయిపోతారు. నీ షీట్‌లో తేదీ రాయని మందులన్నీ ఎప్పుడో గడువు దాటినట్టు కనిపిస్తాయి, చూసుకో. రెండు రూల్స్ గొడవపడితే పైన ఉన్నదే చెల్లుతుంది. కొత్తగా పెట్టిన రూల్ తనంతట తానే పైకి వెళ్లి కూర్చుంటుంది. అందుకని పెట్టిన ప్రతిసారీ మేనేజ్ రూల్స్ తెరిచి వరస సరిచెయ్యి, అవసరమైనచోట స్టాప్ ఇఫ్ ట్రూ టిక్ పెట్టు, ఆ రూల్ తగిలితే కింది రూల్స్ చూడకుండా ఆగిపోతుంది. మా షీట్‌లో రెండు కాళ్లకీ వాపు ఉందా అనే కాలమ్ రూల్ టేపు కన్నా పైన ఉంటుంది. నీరు పట్టిన పిల్లకి టేపు ఏ రంగు చూపించినా అది ప్రమాదమే. నీ దగ్గర అలాంటిది ఏమైనా ఉందా ఆలోచించు. కంపెనీ వెనక్కి రమ్మన్న బ్యాచ్ అయితే, గడువు రెండేళ్లున్నా ముందు కనిపించాల్సింది అదే కదా.

డేటా వాలిడేషన్ పెడితే తప్పు అంకె టైపు చేయనివ్వదు. కానీ కాపీ చేసి పేస్ట్ చేస్తే అది చూడదు, లోపలికి వదిలేస్తుంది. పేస్ట్ చేసేటప్పుడు వాల్యూస్ మాత్రమే పేస్ట్ చెయ్యి, లేకపోతే రూల్స్ కూడా ముక్కలు ముక్కలుగా వచ్చి చేరతాయి. నేనైతే షీట్ పైన రెండు లెక్కలు పక్కపక్కన పెట్టుకున్నాను. కౌంట్ అనేది అంకెల్ని మాత్రమే లెక్కిస్తుంది, కౌంట్‌ఏ అనేది నిండిన గడులన్నీ లెక్కిస్తుంది. రెండూ ఒకటి కాకపోతే ప్రింటు తీయను. వరస మొత్తానికి రంగు పడాలంటే రూల్ ఫార్ములాలో డాలర్ గుర్తు కాలమ్ అక్షరం ముందు పెట్టు, వరస నంబరు ముందు వద్దు.

నాన్న సంగతి కూడా రాయాలి. ఆయనకి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదని నీకు తెలుసు. నీ ఫొటో చూసి, "గడువు దాటిన మందులేవి, మంచివేవి? నాకు రెండూ ఒకేలా ఉన్నాయి" అన్నారు. మీ ఆఫీసులో అలాంటివాళ్లు ఎవరూ ఉండరని అనుకోకు, మగవాళ్లలో ఇది కొత్త కాదు. జిరాక్స్ తీస్తే అందరి కళ్లకీ అదే గతి, ఎరుపూ ఆకుపచ్చా రెండూ బూడిదే. అందుకని రంగు పక్కన మాట కూడా ఉండాలి. ఒక కాలమ్ పెట్టి "వెనక్కి పంపాలి", "ఆర్డర్ పెట్టాలి" అని వచ్చేలా ఫార్ములా రాయి. నిజానికి మీ సారుకి కావాల్సింది ఆ కాలమే. దాని మీద ఫిల్టర్ పెట్టి పైకి తెస్తే 300 వరసల్లో ఆయన చూడాల్సినవి పదో పన్నెండో ఉంటాయి.

ఆ మాటలు కూడా చదివేవాళ్ల మాటలుగా ఉండాలి. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లోనే బడిలో పాఠాలు చెబుతూ, కొండ మీది పిల్లలకి వాళ్ల మాటలోనే చెప్పాలని సవర నేర్చుకున్నారు, ఆ భాషకి నిఘంటువు చేశారు. మనం మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా వాదించారు. నా షీట్‌లో పేర్లు ఒడియాలో ఉంటాయి, దిదీలు ఫోన్‌లో సవర, ఒడియా కలిపి మాట్లాడతారు, నా గుర్తులు తెలుగులో ఉంటాయి. మొదట్లో హెడింగులు ఇంగ్లిష్‌లో, అవీ పొడి అక్షరాల్లో పెట్టేదాన్ని, ఆఫీసు వాళ్లకి బాగుంటుందని. ఇప్పుడు ఒడియాలో "ఈ వారం వెళ్లాలి" అని ఉంటుంది. దిదీలు దాన్ని చదివి నాకే ఫోన్ చేస్తున్నారు.

నాన్న శుక్రవారం గుణుపురం బండికి వస్తానంటున్నారు. పచ్చి జీడిపప్పు, నానమ్మ పెట్టిన ఉసిరికాయ పచ్చడి పంపుతున్నాను. ఆలోగా షీట్ మళ్లీ చేసి, ఒక పేజీ నలుపు తెలుపులో ప్రింటు తీసి పెట్టుకో. నాన్న దాన్ని చూసి ఏ మందు ముందు పంపాలో నీకు చెప్పగలిగితే సోమవారం మీ సారుకి ఇవ్వు. చెప్పలేకపోతే ఆ రాత్రి నాకు ఫోన్ చెయ్యి, ఎంత పొద్దుపోయినా పరవాలేదు.

ముందు తిని పడుకో.

అమ్మ