ఒక్క ఓటు వేసిన ఆవిడ గురించి కూడా రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం,

సౌత్ ఆఫ్రికా అంటే మన పేపర్లన్నీ మండేలా గారి దగ్గరే ఆగిపోతాయండి, ఆయన గొప్పోడే కాదనను, కానీ అక్కడి వర్ణవివక్ష సర్కారుని పార్లమెంట్‌లోనే ఎదిరించిన హెలెన్ సుజ్‌మన్ అనే ఎంపీ గురించి మనోళ్లలో ఎంతమందికి తెలుసు? లిథువేనియా నుంచి వలసొచ్చిన యూదుల కూతురు, యూనివర్సిటీలో ఎకనామిక్ హిస్టరీ చెప్పేది, 1953లో జోహాన్నెస్‌బర్గ్‌లోని హౌటన్ నియోజకవర్గం నుంచి గెలిచి 36 ఏళ్లు పార్లమెంట్‌లో ఉంది. అందులో 1961 నుంచి 1974 దాకా 13 ఏళ్లు తన పార్టీకి ఆవిడొక్కతే ఎంపీ! 1963లో విచారణ లేకుండా ఎవరినైనా 90 రోజులు లోపలేసే చట్టం తెస్తే పెద్ద ప్రతిపక్షం కూడా సర్కారుకే ఓటేసింది, వద్దన్నది ఈవిడొక్కతే. చుట్టూ అంతమంది మగాళ్లు అరుస్తుంటే ఒంటరిగా నిలబడ్డం మాటలా అండి.

నాకు బాగా నచ్చింది ఆవిడ పని చేసిన తీరు. మంత్రుల్ని ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగేది, వాళ్లు ఇచ్చిన జవాబులు రికార్డులోకి ఎక్కేవి, బయట నోరు నొక్కేసిన విషయాలు అలా పేపర్లలోకి వచ్చేవి. ఎంపీ హోదాతోనే 1967లో మండేలాని ఉంచిన రాబెన్ ఐలాండ్ జైలుకెళ్లింది, చేతి మీద నాజీ స్వస్తిక గుర్తున్న వార్డర్ గురించి మండేలా చెప్తే పట్టుబట్టి వాడ్ని అక్కడ్నుంచి మార్పించింది. సౌత్ ఆఫ్రికా మీద బయటి దేశాలు ఆంక్షలు పెడితే పేదోళ్లే నలిగిపోతారని వాటిని వ్యతిరేకించింది కూడా, ఆ విషయంలో వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమంలో వాళ్లకి ఆవిడ మీద కోపం, నాకూ ఒప్పుకోబుద్ధి కాదు. అయినా 1996లో మండేలా కొత్త రాజ్యాంగం మీద సంతకం పెట్టినప్పుడు పక్కనే ఉంది.

డర్బన్ చుట్టుపక్కల చెరకు తోటలకి వెళ్లిన తెలుగోళ్ల పిల్లలు కూడా ఆ వర్ణవివక్ష కిందే బతికారు కదా, అందుకైనా మీ ఆదివారం పేజీలో ఆవిడ మీద ఒక మంచి వ్యాసం వేయండి సార్.

ఇట్లు,
మీ పాఠకుడు