పండ్ల చాకుల లాట్ క్యాన్సిల్ చేశా, ఎందుకో మీకు నేరుగా చెప్పాలి

అందరికీ నమస్కారం. ముత్యపు చిప్ప పిడి ఉన్న వెండి పండ్ల చాకులు వస్తున్నాయని పోయిన నెల గ్రూప్‌లో ఫోటోలు పెట్టా కదా, మీలో చాలామంది చూడకుండానే అడ్వాన్స్ కూడా వేసేశారు. ఆ లాట్ అమ్మట్లేదండీ. ఒక్కటి కూడా అమ్మట్లేదు. అడ్వాన్సులన్నీ ఈ శనివారం లోపు ఎవరు ఏ అకౌంట్ నుంచి పంపారో అందులోకే వెనక్కి వచ్చేస్తాయి. ఇంతటితో ఆపేయొచ్చు, కానీ ఏళ్ల తరబడి నా మాట మీద కొంటున్నవాళ్లకి "స్టాక్ లేదు" అని చెప్పి తప్పించుకోవడం నాకు చేతకాదు.

కొత్తగా చేరినవాళ్లకి రెండు ముక్కలు. ఇవి జేబులో పెట్టుకునే మడత చాకులే, కానీ బ్లేడు స్టీలు కాదు, వెండి. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో, ముఖ్యంగా షెఫీల్డ్‌లో, బర్మింగ్‌హామ్‌లో చేసేవాళ్లు. పచ్చి మామిడికాయ తరిగితే ఇనప కత్తిపీట నల్లబడి ముక్కకి ఇనుము వాసన పట్టడం మన ఇళ్లలో అందరం చూసిందే, వాళ్లకీ అదే ఇబ్బంది, అందుకని పండు కోయడానికి వెండి బ్లేడు. 1913లో షెఫీల్డ్‌లోనే హ్యారీ బ్రేర్లీ స్టెయిన్‌లెస్ స్టీలు తయారుచేశాక క్రమంగా వీటి అవసరం పోయింది. తెల్లదొరల కాలంలో మన దేశానికీ వచ్చాయి, పాత ఇళ్ల సామాన్లు అమ్మేటప్పుడు ఇప్పటికీ అక్కడక్కడా బయటపడుతుంటాయి.

ఈ లాట్ కలకత్తా సప్లయర్ దగ్గర్నుంచి. అతనితో నాకు చాలాకాలం పరిచయం, పెద్ద పెద్ద సరుకు తీసుకున్నా. ఒకే ఇంట్లోంచి వచ్చిన ట్రే, విక్టోరియా రాణి కాలం నాటివి అన్నాడు. పార్సిల్ విప్పి మొదటిది లైటు కింద పెట్టి చూస్తే బ్లేడు మీద ముద్రలు దివ్యంగా ఉన్నాయి. నడుస్తున్న సింహం అంటే 92.5 శాతం వెండి. కిరీటం అంటే వెండి పరీక్షించి ముద్ర వేసే షెఫీల్డ్ ఆఫీసు (లంగరు ఉంటే బర్మింగ్‌హామ్). రాణి తల ఉంది, అంటే వెండి మీద పన్ను కట్టారు, ఆ పన్ను 1890లో ఎత్తేశారు కాబట్టి తల ఉన్న ముక్క 1890 దాటి ఉండదు. ఏ సంవత్సరమో చెప్పే అక్షరం ఉంది. పక్కన జే వై సీ అని చేసినవాడి ముద్ర, అంటే జాన్ యోమన్స్ కౌలిషా, ఈ పండ్ల చాకుల్లో మంచి పేరున్నవాడు. ఇవన్నీ అసలువే, ఇప్పటికీ అదే అంటాను.

తేడా అంతా పిడిలో ఉంది. నూట ముప్పై ఏళ్లు చేతులు మారిన ముత్యపు చిప్ప మీద చెక్కిన పువ్వు ఎలా ఉంటుందంటే, పైకి లేచిన అంచులు అరిగి మెత్తబడిపోతాయి, గుంటల్లో మాత్రం సన్నగా పాత మట్టి మిగులుతుంది. ఇక్కడ అంచులు వేలికి గుచ్చుకుంటున్నాయి. చిప్పని పిడికి బిగించే పిన్నులు చిప్పతో సమంగా అరిగి ఉండాలి, ఇవి కొంచెం పైకి తగులుతున్నాయి. లూప్ (చిన్న భూతద్దం) పెడితే చిప్పకీ లోపలి లోహపు రేకుకీ మధ్య గ్లూ గీత కనపడింది, అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే ఆ గీత ఒక్కటే నీలంగా వెలిగింది. చాకు మూస్తే బ్లేడు మధ్యలో కూర్చోకుండా ఒక పక్కకి రాసుకుంటోంది, మొన దగ్గర ఖాళీ మిగిలిపోయింది, అంటే ఆ పిడి ఆ బ్లేడు కోసం పుట్టింది కాదు. అప్పటికీ ఎక్కడో ఆశ ఉండి మిగతావన్నీ వరసగా పరిచా. అన్నిటి మీదా అదే పువ్వు, అదే చోట, పువ్వు ఎడమ రేకుకి అదే చిన్న వంకర. చేత్తో చెక్కినవాడు రెండోసారి అంత అచ్చుగా చెక్కలేడండీ, అది మెషీన్ పని. పిడి విరిగిపోయిన పాత చాకుల బ్లేడులు ఏరి కొత్త పిడులు తొడిగారు. కొనేవాళ్లు ముద్రలు చదివి తృప్తిపడి పిడి చూడరని వాళ్ల ధైర్యం.

ఫోన్ చేశా. "అరే భాయ్, చాందీ తో అస్లీ హై నా" అన్నాడు. వెండి అసలుదే, కాదన్నదెవరు? ఆ తర్వాత "రిపేర్ చేయిస్తే మోసం ఎలా అవుతుంది" అన్నాడు. రిపేర్ అయితే రిపేర్ అని చెప్పి పంపాలి, ఒకే ఇంటి ట్రే అని కథ చెప్పి పంపకూడదు. అంతే, తర్వాత ఫోన్ ఎత్తట్లేదు. నా డబ్బు చాలావరకు అక్కడే ఇరుక్కుంది. పోయిన డబ్బు కంటే, నేను చూసి పట్టుకోలేననుకుని ఆ పెట్టె నాకు పంపాడే, అది మింగుడు పడట్లేదు.

ఇక అసలు తేల్చుకోలేక నలిగిపోయింది ఏంటంటే, వీటిని ఏం చేయాలి? ముందే విషయం తెలిసిన మీలోనే కొందరు సలహా ఇచ్చారు, "పిడి కొత్తదని బిల్లు మీద రాసి మూడో వంతు రేటుకి ఇచ్చేయండి, మీకూ నష్టం తగ్గుతుంది, మాకూ చవగ్గా వస్తుంది" అని. మా ఇంట్లో కూడా అదే మాట. నాకూ రాత్రిళ్లు అదే సరైనదనిపించేది, పొద్దున షాపు తెరిచి ఆ ట్రే చూస్తే మనసు ఒప్పేది కాదు. నా బిల్లు మీ దగ్గర ఉన్నన్నాళ్లూ అది నిజాయితీ వ్యాపారమే. కానీ రేపు మీరు ఇంకొకరికి ఇస్తారు, మీ పిల్లలు మరొకరికి అమ్ముతారు, బిల్లు ఎక్కడో పోతుంది, నా షాపు పేరున్న డబ్బా మాత్రం చాకుతో పాటే వెళ్తుంది. అప్పుడు ఆ డబ్బా చూసి ఎవరో పూర్తి రేటు పెడతారు. మోసం నేను చేయకపోయినా నా డబ్బాలో జరుగుతుంది. పోనీ పిడి పీకేసి బ్లేడుల్ని కంసాలికి ఇద్దామా అంటే ఒక్కో దాంట్లో ఉండే వెండి కొన్ని గ్రాములే, ఆ కాస్త కోసం కౌలిషా ముద్ర కరిగించడానికి నాకు చేతులు రావు. అందుకే అవి అమ్మకానికి కాకుండా షాపులోనే ఉంటాయి. ఎవరైనా వచ్చి ఒక చేతిలో అసలుది, ఒక చేతిలో ఇది పట్టుకుని తేడా చూసుకోవచ్చు, ఎంతసేపైనా కూర్చోండి.

రేట్లు పెరిగాయి కాబట్టి లాట్ దాచేసి తర్వాత ఎక్కువకి అమ్ముకుంటానని గ్రూప్‌లో ఒకరు రాశారు. చదివి చాలా బాధేసింది. ఆయన ఎప్పుడైనా రావచ్చు, ట్రే ఆయన ముందే పెడతా.

ఈ గొడవ వల్ల మిగతావాటి రేటు తగ్గిస్తానని కూడా అనుకోవద్దు. సరైన ముక్కలు మా దగ్గర 6,000 నుంచి 15,000 దాకా ఉన్నాయి, అలాగే ఉంటాయి. తులాల లెక్కన రేటు కట్టేవాళ్లతో నాకు మొదట్నుంచీ పడదు. బ్లేడు సాన పట్టి పట్టి సన్నబడకుండా నిండుగా ఉందా, తెరిచినప్పుడు స్ప్రింగు టక్కుమని పట్టుకుంటుందా, ముద్రలు స్పష్టంగా చదవగలమా అన్నవే నేను ముందు చూసేవి. తర్వాత చిప్పలో పగుళ్లు, ముఖ్యంగా పిన్నుల చుట్టూ. ఆ తర్వాతే చెక్కడం అందం. పిడి మీద చిన్న వెండి బిళ్లలో పాత యజమాని పేరు అక్షరాలుంటే కొందరు వద్దంటారు కానీ నాకైతే అది అసలుతనానికి సాక్ష్యం, అరగదీసి చెరిపేసిందే అనుమానించాలి. చిప్పా ప్లాస్టిక్కా అని డౌట్ వస్తే పెదవికి ఆనించి చూడండి, చిప్ప చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ అలా ఉండదు. వెండి తేల్చుకోవడానికి మాత్రం దయచేసి గీటురాయి మీద రుద్దకండి.

ఇంకోటి, ఇంట్లో పూజ సామానుతో కలిపి వీటిని చింతపండుతో తోమేస్తున్నారు. పులుపు తగిలితే చిప్ప మెరుపు పోతుంది, మళ్లీ రాదు. విభూతితో గట్టిగా రుద్దితే ముద్రలు అరుగుతాయి. మెత్తటి పొడి బట్ట చాలు.

దంతం పిడులు, తాబేటి చిప్ప పిడులు ఎంత బావున్నా మేం ముట్టుకోం, వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు, ఆ విషయంలో ఫోన్లు చేయకండి. డల్లాస్, మెల్‌బోర్న్ నుంచి అడుగుతున్నవాళ్లకి కూడా, 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువుని దేశం బయటికి పంపకూడదు. తెలిసినవాళ్ల సూట్‌కేసులో పంపమంటున్నారు, అదీ కుదరదు.

ఇకనుంచి ఏ సప్లయర్ సరుకైనా నా టేబుల్ మీదకి వచ్చి, నేను చూశాకే గ్రూప్‌లో ఫోటో పెడతా, అడ్వాన్స్ ఆ తర్వాతే. ముద్రల క్లోజప్, పిన్నుల క్లోజప్, తెరిచి మూసే వీడియో సౌండుతో సహా ఉంటాయి. ఇదివరకు వేరే చోట కొన్న చాకు మీ దగ్గరుంటే తీసుకురండి, ఊరికే చూసిపెడతా. సాయంత్రం నాలుగు తర్వాత రండి, అప్పుడైతే తీరిగ్గా ఉంటా. ఆదివారం సెలవు. శనివారానికి కూడా డబ్బు పడకపోతే సోమవారం పొద్దున్నే నాకు మెసేజ్ పెట్టండి.