బొమ్మ మూసి చదివించండి: విద్యాశాఖ మంత్రి గారికి ఒక యూకేజీ టీచర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను తిరుపతిలో ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు చదువు చెప్పే టీచర్‌ని. పిల్లలు మొదటిసారి మూడక్షరాల ఇంగ్లిష్ పదాలు చదివే దశ గురించి మీకు రాస్తున్నాను. ఆ వయసులో చదవడం వచ్చిందని మనం అనుకుంటున్న చాలామందికి నిజానికి రాలేదు. ఆ సంగతి మూడో తరగతికి గానీ బయటపడడం లేదు.

మా ఊళ్లో ఏ ప్రైవేటు బడి ముందు నిలబడినా, ఏ అంగన్‌వాడీ దారిన వెళ్లినా పొద్దున్నే ఒక వరస వినిపిస్తుంది. "సీ ఏ టీ క్యాట్, బీ ఏ టీ బ్యాట్, ఆర్ ఏ టీ ర్యాట్." పాతిక ముప్పై గొంతులు ఒక్కసారిగా అంటుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఆ వరస ఆపి, ఒక్క పాపను దగ్గరికి పిలిచి, పుస్తకంలో పిల్లి బొమ్మకు చెయ్యి అడ్డం పెట్టి "ఇది చదువు తల్లీ" అనండి. పాప పుస్తకం వదిలేసి మన మొహం చూస్తుంది. పలక మీద ఎం, ఏ, టీ అని రాసి చూపిస్తే అక్షరాల పేర్లు తడుముకోకుండా చెప్పి, చివర్లో "క్యాట్" అంటుంది. ఇందులో ఆ పాప తప్పేమీ లేదు. మనం నేర్పింది నేర్పినట్టే అప్పజెప్పింది.

దీనికి కారణం మన అలవాటులోనే ఉంది. తెలుగులో అక్షరం పేరూ పలుకూ ఒక్కటే. ప, ల, క అని వరసగా అంటే చాలు, పలక అయిపోతుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. సీ, ఏ, టీ అని ఎంత గబగబా అన్నా క్యాట్ రాదు. డబ్ల్యూ అన్న పేరు డ తో మొదలవుతుంది, దాని పలుకు మాత్రం వ. వై పేరులో వినిపించేది వ, దాని పలుకేమో య. అందుకే 'యెస్'ను 'వెస్' అని చదివే పిల్లలు నాకు ఏటా కనిపిస్తారు. అక్షరాలు 26, ధ్వనులు దాదాపు 44. ఎల్‌కేజీలో పిల్లలకు ముందు తెలియాల్సింది పేర్లు కాదు, పలుకులు.

అక్షరాల పేర్లతో కాకుండా పలుకులతో చదవడం నేర్పే ఫోనిక్స్ పద్ధతిలో ఏ నుంచి జెడ్ దాకా పూర్తయ్యే వరకు ఆగక్కర్లేదు. చాలాచోట్ల ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అనే ఆరు అక్షరాలతో మొదలుపెడతారు. ఆ ఆరింటితోనే పిన్, టిన్, టిప్, ట్యాప్, ప్యాన్, సిట్ అన్నీ చదవొచ్చు. ఇక్కడ టీచర్లకు ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. మన హల్లుల్లో అ కలిసే ఉంటుంది కాబట్టి, మనకు తెలియకుండానే బీ పలుకును 'బ' అనీ, టీ పలుకును 'ట' అనీ నేర్పేస్తాం. 'బ', 'యా', 'ట' అని విన్న బిడ్డకు వాటిని ఎలా కలిపినా బ్యాట్ దొరకదు. బ్, ట్ అని పొల్లు పలికి చూపించాలి. స్, మ్, న్ లాంటివి సాగదీసి పలకొచ్చు గనుక వాటితో మొదలయ్యే మాటలు ముందు పెట్టుకుంటే కలపడం ఇంకా తేలిక. ఈ రెండు మెళకువలు తెలిసిన టీచర్ చేతిలో, తెలియని టీచర్ చేతిలో పిల్లల చదువు వేరేగా ఉంటుంది. నేను చూసి చెబుతున్నాను.

మా క్లాసులో పాత టీటీడీ క్యాలెండర్ కాగితాల వెనకవైపు పెద్దగా అక్షరాలు రాసి కార్డులుగా కత్తిరించుకున్నాం. మూడు కార్డులు ఎడంగా పెట్టి, ఒక్కోదాని మీద వేలు పెడుతూ ధ్వని పలికించి, మెల్లగా దగ్గరికి జరుపుతాం. ఇంట్లో తమిళం మాట్లాడే ఒక పిల్లవాడు, వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు, "ప్... ఇ... న్" అని మళ్లీ మళ్లీ అంటూ ఉన్నట్టుండి "పిన్!" అని, చొక్కాకు రుమాలు పెట్టిన పిన్నీసు పట్టుకుని చూపించాడు. మొదటి కార్డు తీసేసి టీ పెట్టాను. టిన్ అని తనే చదివాడు. ఆ మాట వాడికి అంతకుముందు నేనెప్పుడూ చదివించలేదు. చదవడం అంటే అదీ సార్.

మాటల ఎంపిక కూడా ముఖ్యమే. రగ్, హట్, వెట్ లాంటివి మన పిల్లలు ఇంట్లో ఎప్పుడూ వినని మాటలు. బస్సు, కప్పు, జగ్గు, మగ్గు, టబ్బు, పెన్ను, ఫ్యాను, బ్యాగు మాత్రం రేణిగుంటలోనైనా పలమనేరులోనైనా మూడేళ్ల బిడ్డకు తెలుసు. తెలిసిన మాటైతే ధ్వనులు కలవగానే గుర్తుపడతారు. చివరి 'ఉ' తీసి పలకడం ఒక్కటే వాళ్లకు కొత్త. పీపీ-2 (ప్రీ ప్రైమరీ రెండో ఏడాది, అంటే యూకేజీ) పుస్తకాల్లో ముందు ఈ మాటలు పెట్టించండి.

ఇంకో మాట. ఇంగ్లిష్ కన్నా ముందు తెలుగులో తలకట్టు మాటలు, జడ, వల, పలక, పడవ, గడప, నడక, పిల్లలు సొంతంగా చదవాలి. అక్షరాలు కలిస్తే మాట అవుతుందన్న సంగతి ఒక భాషలో తలకెక్కితే రెండో భాషలో దాన్ని మళ్లీ మొదటి నుంచి నేర్పక్కర్లేదు. ఇంగ్లిష్ మీడియం అన్న పేరుతో దీన్ని దాటేస్తున్న బడులు చాలా ఉన్నాయి. ఇంగ్లిష్ వద్దని నేను అనడం లేదు, తల్లిదండ్రుల ఆశ నాకు తెలుసు. ఆ ఇంగ్లిష్ బాగా రావాలనే ఈ వరస అడుగుతున్నాను.

విధానాలకు లోటు లేదు. 3 నుంచి 8 ఏళ్ల వయసును పునాది దశగా 2020 జాతీయ విద్యా విధానం గుర్తించింది. 2021 జులైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ 2026-27 నాటికి మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం రావాలని గడువు పెట్టింది. అయినా పల్లెటూరి పిల్లల చదువు మీద జరిగే ఏసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశంలోని పల్లెటూళ్లలో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. గడువు మీద పడింది.

లోటంతా తనిఖీలో ఉంది. చూడడానికి వచ్చినవాళ్లు "ఎన్ని త్రీ లెటర్ వర్డ్స్ అయ్యాయి?" అని అడుగుతారు, నాలుగు గీతల నోటు పుస్తకం తిరగేస్తారు. దాంతో టీచర్లు పేజీలు నింపించడంలో పడతారు. వేళ్లు ఇంకా గట్టిపడని నాలుగేళ్ల పిల్లలకు అదే పదం పది సార్లు ఇంపోజిషన్. ప్రైవేటు బడుల్లో తల్లిదండ్రుల టెన్షన్ వేరే. ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి డిక్టేషన్ పెట్టిన బడి గురించి నా దగ్గర చదివిన పాప తల్లి కళ్లనీళ్లతో చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ఇలాంటి వడపోతను నిషేధించింది. ఆ సెక్షన్‌ను ప్రతి బడి నోటీసు బోర్డు మీద పెట్టించే అధికారం మీకుంది.

కాబట్టి నా ప్రధానమైన కోరిక ఇది. తనిఖీ ప్రశ్న మార్చండి. ఎన్ని పదాలు వచ్చో అడగొద్దు. పిల్లలు ముందెన్నడూ చూడని ఒక మూడక్షరాల మాట, బొమ్మ లేకుండా రాసి, ఒక్కొక్కరితో విడిగా చదివించమనండి. ఒక్కో బిడ్డకు ఒక్క నిమిషం పట్టదు. ప్రశ్న మారితే బోధన దానంతటదే మారుతుంది. మార్కులు, ర్యాంకులు మాత్రం దయచేసి పెట్టకండి. ఎవరికి ఇంకా సాయం కావాలో తెలిస్తే చాలు.

పీపీ-1, పీపీ-2 నడిచే అంగన్‌వాడీలు మహిళా శిశు సంక్షేమ శాఖవి, ఒకటో తరగతి మీది. పిల్లలు మాత్రం రెండు చోట్లా వాళ్లే. అంగన్‌వాడీ టీచర్ల మీద ఇప్పటికే గుడ్లు, పాలు, బరువుల తూకం, యాప్‌లో వివరాలు అన్నీ ఉన్నాయి. వాళ్ల మీద కొత్త రిజిస్టరు వేయకండి. రెండు శాఖలూ కూర్చుని, అంగన్‌వాడీ టీచర్లకు నెలనెలా జరిగే సెక్టార్ మీటింగులో ఒక అరగంట ధ్వనులు పలకడానికి కేటాయిస్తే, సరైన ఉచ్చారణ రికార్డింగులు వాళ్ల ఫోన్లకు పంపితే చాలు, మిగతాది వాళ్లు చేసుకుంటారు. వాళ్ల ఓపిక నేను దగ్గరుండి చూశాను.

జూన్‌లో బడులు తెరిచేలోగా ఈ ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. ఈసారి మీరు తిరుమల దర్శనానికి వచ్చినప్పుడు, ముందుగా ఎవరికీ చెప్పకుండా, తిరుపతిలో మీకు నచ్చిన అంగన్‌వాడీకో చిన్న బడికో ఒక అరగంట వెళ్లండి. పలక తీసుకుని మీ చేత్తోనే ఒక కొత్త మాట రాసి, ఒక్క బిడ్డను చదవమనండి.

ఇట్లు,
ఒక యూకేజీ టీచర్,
తిరుపతి